కళ్ళద్దాలాయన చదివిన పుస్తకాలు

ఆ మాట నాది. “ఆ పుస్తకం చదివాక చెప్పులేసుకుని నేల మీద నడవడానికి మొహమాటమేసింది” అన్న మాట అచ్చంగా నాది, పొల్లు పోకుండా నాది, ఈమధ్యే మా వంటింట్లో తడిగిన్నెల మధ్య నిలబడి నేను అన్నది. ఇప్పుడది మైకులోంచి మా ఆయన గొంతుతో బయటికొస్తోంది, హాలంతా నవ్వుతోంది, ముందు వరుసలో మందుల షాపాయనైతే చప్పట్లు కూడా కొట్టాడు. కొట్టండి, బాగా కొట్టండి. ఆ ఒక్క మాట పుట్టడానికి ఆ మట్టి పుస్తకం మీద నేనెన్ని మధ్యాహ్నాలు వంగి కూర్చున్నానో, గుప్పెడు మట్టిలో ఎన్ని ప్రాణాలు కాపురాలు చేస్తుంటాయో చదివి లేచి, పెరట్లోకి అడుగు పెట్టలేక గుమ్మం మీద ఎంతసేపు నిలబడిపోయానో మీకేం తెలుసు. ఆయనకి మాత్రం ఏం తెలుసు. నేనా మాట అన్నప్పుడు ఆయన చేతిలో పీచూ సబ్బూ ఉన్నాయి. పుస్తకం లేదు. ఆయన చేతిలో పుస్తకం ఎప్పుడూ లేదు.

గ్రంథాలయం మేడ మీది హాలు ఇది. ప్లాస్టిక్ కుర్చీలు, సరిగ్గా నా తల మీద టకటకమనే ఫ్యాను, వేదిక వెనక గుడ్డ బ్యానరు మీద “ఈమధ్య మేం చదివి ఆనందించిన పుస్తకాలు” అని ఎర్ర రంగులో పెద్దక్షరాలు. మేం అట, మేం! కార్యదర్శి గారు మా ఆయన్ని పరిచయం చేస్తూ, “అందరి చూపూ సరిచేసే మనిషి, తన చూపు మాత్రం పుస్తకాలకే ఇచ్చేసుకున్న మనిషి” అన్నారు. నాకు పొలమారింది, పక్క కుర్చీలో ఆవిడ పాపం మంచినీళ్ళ సీసా అందించింది. మాది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో ఆయన, వచ్చినవాళ్ళ కళ్ళు చూస్తూ, ముక్కు మీద ఫ్రేములు పెట్టి అద్దం చూపిస్తూ, అందరితో నవ్వుతూ. వెనక గదిలో నేను, అద్దాల అంచులు మర మీద అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తూ. అద్దం అరగడానికి పట్టేంత టైమూ పడుతుంది, తొందరపెడితే పగులుతుంది, అందుకని మర తిరుగుతున్నంతసేపూ నా ఒళ్ళో పుస్తకం ఉంటుంది. ఆయన ముందూ ఉంటుంది చదవడానికి ఒకటి, గోడకి తగిలించిన అక్షరాల అట్ట. పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా అక్షరాలు వరసగా ఉంటాయి. దాన్నైనా ఆయన చదవడు, ఎదుటివాళ్ళ చేత చదివించి వింటాడు.

ఇవాళ చెప్తాడనే వచ్చాను. బయల్దేరేటప్పుడు బూట్ల లేసులు కట్టుకుంటూ తనే అన్నాడు, “ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను. ఇవన్నీ చదివింది మా ఆవిడ, నేను విన్నవాణ్ణి మాత్రమే అని. ఒట్టు.” నేను అడిగి అడిగి మానేశాక దానంతటదే వచ్చిన మాట, అందుకే నమ్మాను. ఇస్త్రీ బట్టలు తీసి కట్టుకున్నాను. ఆయన 'మా ఆవిడ' అనగానే జనం తలలు తిప్పి చూస్తారు కదా, అప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో అద్దం ముందు చూసుకున్నాను కూడా. మరీ నవ్వకుండా, మరీ బిగుసుకోకుండా, అబ్బే ఇందులో ఏముందిలెండి అన్నట్టుగా. ఆ మొహాన్ని ఇప్పుడెక్కడ దాచుకోను? మట్టి పుస్తకం అయిపోయింది, 'మా ఆవిడ' అన్న మాట రాలేదు. సరే, ఎక్కగానే కంగారు పడి ఉంటాడు, రెండోదానికి చెప్తాడేమో. గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నాడు. నా వైపు చూడడం లేదు. మూడో వరుసలోనే ఉన్నానండీ, దూరం చూపు మీకు బాగానే ఆనుతుంది, నేనే బిగించాను ఆ అద్దాలు.

వినడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు, అదే నా కర్మ. దుకాణం మూసి ఇంటికొచ్చి తిన్నాక గిన్నెలు ఆయన కడుగుతాడు, నేను పక్కన నిలబడి తుడుస్తూ చదివింది చెప్తాను. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. ఊరికే ఊ కొట్టే రకం కాదు. కథ బిగిసేకొద్దీ ఆయన చేతిలో పీచు నెమ్మదిస్తుంది, ఇంకా బిగిస్తే కుళాయి కట్టేసి, చేతుల నుంచి నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడి, “తర్వాత?” అంటాడు. ఆ 'తర్వాత' కోసమే నేను సగం పుస్తకాలు చదివానేమో. అది అబద్ధం కాదు, ఎంత కోపంలో ఉన్నా అది అబద్ధం అనలేను. కానీ మర్నాడు వెనక గదిలో నేను మర ఆపగానే ముందు గదిలోంచి వినిపిస్తుంది, “మొన్నో పుస్తకం చదివానండీ, అబ్బ, ఏం పుస్తకం!” మొదటిసారి నోరు జారిందనుకున్నాను. తర్వాత తర్వాత కళ్ళజోడు అక్కర్లేనివాళ్ళు కూడా ఆయన పుస్తకాల కబుర్లు వినడానికి వచ్చి కూర్చోవడం మొదలెట్టారు. ఓసారి ఉండబట్టలేక అడిగేశాను, “మా ఆవిడ చదివి చెప్పిందని ఒక్క ముక్క అంటే నోరు నొప్పెడుతుందా?” అని. “నువ్వు చదివితే నేను చదివినట్టు కాదా, మనిద్దరం ఒకటే కదా” అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. “మరి మీరు తింటే నా కడుపు నిండుతుందా?” అన్నాను. “నీకన్నీ తిండితోనే” అని నవ్వేశాడు.

రెండో పుస్తకం ఎత్తుకున్నాడు. నది. నది సముద్రంలో కలిసే చోట బయల్దేరి, గట్టెంట నడుస్తూ ఎగువకి, అది పుట్టే చోటికి పోయిన ఓ ఆడమనిషి రాసుకున్న యాత్ర పుస్తకం. “ఆవిడ నది గురించి రాసిన పేజీల కన్నా తన కాళ్ళ బొబ్బల గురించి రాసిన పేజీలే నాకు గొప్పగా అనిపించాయండీ” అంటున్నాడు. నాకు అనిపించాయి! నాకు! ఆ పేజీలు చదువుతూ నేను బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి ఎండలో నడిచొచ్చి, నా కాలికీ ఓ బొబ్బ తెచ్చుకుని, దాన్ని ఆయనకి చూపించి మరీ అన్న మాట అది. నా బొబ్బ కూడా నాకు మిగల్చడా ఈయన? పైగా చెయ్యి చూడండి, నది మెలికలు చూపించడానికి అరచెయ్యి బోర్లించి గాల్లో ఊపడం, అది నా చెయ్యి, నేనలా ఊపుతాను. “చివరికి ఏం చేసిందంటే” అని గొంతు తగ్గించాడు. “ఇంకొక్క రోజు నడిస్తే నది పుట్టే చోటు. ఆ ఊళ్ళో ఆగి, ఓ ముసలాయన ఇచ్చిన టీ తాగి, వెనక్కి తిరిగిపోయింది. అంతదూరం వచ్చి చూడకుండా! ఎందుకయ్యా అంటే, ఎక్కడో ఒకటి మిగిలి ఉండాలని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.” నమ్మకండి. గురక పెట్టాడు. హాలు మాత్రం నిట్టూర్చింది, పక్కావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి చూశాక గుర్తొచ్చింది నాకు. అలా ముగియదు ఆ పుస్తకం.

ఆ మనిషి నది పుట్టే చోటికి వెళ్తుంది. రాయి కింద అరచేతంత నీటి ఊట చూసి, దోసిట పట్టి తాగి, ఫొటో తీయించుకుని, బస్సెక్కి ఇంటికెళ్తుంది. అంతే ఉంది పుస్తకంలో. వెనక్కి తిరిగిపోవడం, ముసలాయన టీ, ఎక్కడో ఒకటి మిగిలి ఉండడం, అవన్నీ నేను పళ్ళెం తుడుస్తూ కల్పించినవి. దీనికే కాదు, ఎన్నేళ్ళుగానో ఒకదానికి తప్ప ఏ పుస్తకానికీ నేనాయనకి నిజం ముగింపు చెప్పలేదు. ఎందుకంటే, ఏదో ఒక రోజు పుస్తకం తెరుస్తాడని. చెప్పడం అయ్యాక పుస్తకం ఆయన బల్ల మీదే పెట్టేదాన్ని, అద్దాలు తుడిచే పసుప్పచ్చ గుడ్డముక్క మొదటి పేజీలో దూర్చి. ఎప్పుడో ఖాళీగా ఉన్నప్పుడు తీస్తాడు, చదువుతాడు, చివరికొచ్చేసరికి అదిరిపడి వెనక గది తలుపు తోసుకొస్తాడు, “ఏమోయ్, నువ్వు చెప్పిందంతా అబద్ధం, ఇందులో ఇలా లేదు!” అని నా మీద అరుస్తాడు. ఆ అరుపు కోసం చూశాను నేను. పెళ్ళాం మొగుడి అరుపు కోసం ఎదురుచూడడం ఎక్కడైనా ఉందా? నేను చూశాను. అప్పుడిద్దరం కూర్చుని దెబ్బలాడుకుందుం, నాది బాగుందంటే దాంట్లోదే బాగుందని. గ్రంథాలయానికి తిరిగి ఇచ్చే రోజు తీసి చూస్తే గుడ్డముక్క పెట్టిన పేజీలోనే ఉండేది. ఒక్క పేజీ కదిలేది కాదు.

మూడోది లైట్‌హౌస్ హత్య. అపరాధ పరిశోధన నవల అంటే నాకు ప్రాణం, ఆయనకి చిన్నచూపు, అయినా చెప్తుంటే ఈమధ్య ఎక్కువసార్లు కుళాయి కట్టేసింది ఈ నవలకే. సముద్రం మధ్య రాతి మీద లైట్‌హౌస్, దాన్ని కనిపెట్టుకుని ఉండే ముగ్గురు పనివాళ్ళు, ఒకడు చచ్చి పడున్నాడు. విచారణకొచ్చిన పోలీసాయన తుఫానులో మిగతా ఇద్దరితో చిక్కుకుపోయాడు. పుస్తకంలో ఏముందీ, ఆస్తి గొడవ, ఒప్పుకోలు, బేడీలు. నాకు తిక్క రేగింది, అంత సముద్రం పెట్టుకుని ఆస్తి గొడవేంటని. అందుకని మార్చాను. ఇప్పుడు మా ఆయన చెప్తున్నాడు, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, “పోలీసాయనకి హంతకుడెవరో మొదటి రాత్రే తెలిసిపోతుందండీ. కానీ ఆ దీపం వెలిగించడం వాడికి తప్ప ఇంకొకడికి రాదు. బయట ఓడలున్నాయి. వాణ్ణి పట్టుకుంటే దీపం ఆరిపోతుంది. అందుకని రోజూ వాడి పక్కన కూర్చుని ముందు దీపం పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక బేడీలు వేశాడు. వేసి పడవలో పంపించేశాడు, తను మాత్రం తిరిగి రాలేదు.” మందుల షాపాయన కుర్చీ అంచుకి జరిగాడు. నా ఒళ్ళు జలదరించింది, సిగ్గు లేకుండా, నా కథకి నాకే. బాగుంది. నిజంగా బాగుంది, అందులో ఇంత బాగుందని చెప్పేటప్పుడు నాకు తెలీలేదు. దాంతో కోపం ఇంకో మెట్టెక్కింది. ఇంతసేపూ నేను చదివింది ఎత్తుకుపోతున్నాడనుకున్నాను, కాదు, ఇది నేను పుట్టించింది. చప్పట్లు మోగుతున్నాయి. ఆయన వంగి నమస్కారం పెడుతున్నాడు, పోలీసాయన్ని తనే కన్నట్టు.

మా ఆవిడ ఇంకా రాలేదు. ఏనుగు కూడా రాలేదు. గొడుగు పోగొట్టుకున్న ఏనుగు, ఈమధ్య నేను చదివినవాటిల్లో నాకన్నిటికన్నా నచ్చిన పుస్తకం, పిల్లల బొమ్మల పుస్తకం, పేజీకో వాక్యం. వానలో తడుస్తూ ఏనుగు ఇంటింటికీ వెళ్ళి నా గొడుగు చూశారా అని అడుగుతుంది, ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు తడవకుండా ఏనుగు పొట్ట కింద నిలబడి మాట్లాడతారు. గొడుగు తనేనని ఏనుగుకి తెలీదు, పుస్తకం ఎక్కడా చెప్పదు. ఆ ఒక్కదానికే నేను ముగింపు మార్చలేదు, మార్చడానికేం మిగల్చలేదు రాసినవాళ్ళు. దాని గురించి చెప్పమన్నాను. “పిల్లల పుస్తకం గురించి చెప్తే నవ్వుతారు” అన్నాడు. చదవని మనిషికి ఏది చెప్పుకుంటే పరువో, ఏది చెప్పుకుంటే నామోషీయో బాగా తెలుసు. ఇంక చదివినవాళ్ళం మేమున్నామే, ఏనుగుతో పాటు వానలో నిలబడ్డవాళ్ళం, మాకేం తెలుస్తుంది పరువు సంగతి?

ఇంక ఆఖరిది, ప్రేమకథ. ఇది చెప్పకండీ. ఇది నా సంచీలో ఉంది, పోయేటప్పుడు కింద ఇచ్చేసి వెళ్దామని తెచ్చాను, ఒళ్ళో దాని అంచు పొట్టకి గుచ్చుకుంటోంది. పక్కపక్క గదుల్లో అద్దెకున్న ఇద్దరు, ఆమెకి పగలు పని, అతనికి రాత్రి పని, ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మధ్య గోడ మీద తడతారు. నేను వెళ్తున్నానని ఓ తట్టు, వచ్చానని ఓ తట్టు. పుస్తకంలో ఆఖరికి అతను గది ఖాళీ చేసి వెళ్ళిపోతాడు, ఆ సంగతి తెలియక ఆమె గోడ కొడుతూనే ఉంటుంది, ఆ చప్పుడుతోనే అయిపోతుంది. వెనక గదిలో మర ఆపేసి ఏడ్చాను. ఆ ముగింపు ఆయనకి చెప్పబోయి ఇంకోటి చెప్పేశాను. దీనికి మాత్రం ఎర వెయ్యాలనీ, తెరిపించాలనీ కాదు, చెప్పలేక చెప్పిన అబద్ధం. “ఆమె గోడ కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. లేదు. ఎందుకు లేదంటే అతను అప్పటికే దారిలోంచి తిరిగొచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, ఒక కాలికే చెప్పుంది.” మైకులో ఆయన గొంతు వణికింది. అది నటన కాదు, వంటింట్లో కూడా అక్కడ వణికింది, నాకు తెలుసు. ఈ మనిషిని ఏం చెయ్యాలి నేను? అంత బాగా విని, అంత చక్కగా దాచుకుని, అందులోంచి నన్నొక్కదాన్నే తీసేసి చెప్పగలిగిన మనిషిని? “ఇదండీ నేనీమధ్య చదివి ఆనందించినవి, సెలవు” అన్నాడు. అయిపోయింది. ఒట్టు పెట్టిన మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

చప్పట్లు సద్దుమణిగాక రెండో వరుసలో ఒకావిడ లేచింది, బడిలో లెక్కల టీచరు, దగ్గర చూపు అద్దాలు మా దగ్గరే చేయించుకుంది. “సార్, ఏమనుకోకండి. ఆ గోడ పుస్తకం నేనూ కొనుక్కున్నాను. నా దాంట్లో అతను వెళ్ళిపోతాడు సార్. ఆమె గోడ కొడుతూనే ఉంటుంది. ఆ రోజు నేను బడికి సెలవు పెట్టాను సార్, ఎవరికీ చెప్పుకోలేక. నా పుస్తకంలో చివరి పేజీలు ఊడిపోయాయాండీ? అతను గుమ్మం దగ్గరికొచ్చేది నా దాంట్లో లేదు.” ఆవిడ గొంతులో తప్పు పట్టడం లేదు, ఆశ ఉంది, ఇంకో రెండు పేజీలున్నాయేమోనన్న ఆశ. అదిరిపడి వెనక గది తలుపు తోసుకొచ్చి అడగాల్సిన ప్రశ్న ఇన్నేళ్ళకి వచ్చింది, అడగాల్సిన మనిషి కాకుండా ఈవిడ అడుగుతోంది. మా ఆయన కళ్ళజోడు తీశాడు. ఏదైనా చూడడం ఇష్టం లేనప్పుడు అలా తీస్తాడు. తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, నవ్వాడు. “బహుశా మీది వేరే ముద్రణ అయ్యుంటుందండీ. కొత్త ముద్రణలో సరిచేశారు” అన్నాడు. టీచరు తల ఊపింది, “అలాగా సార్, అయితే కొత్తది తెప్పించుకుంటాను” అని కూర్చోబోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నా మాటలు తీసుకున్నాడు, నా చెయ్యి తీసుకున్నాడు, నా బొబ్బ తీసుకున్నాడు, పోనీలే అని ఊరుకున్నాను. బడికి సెలవు పెట్టి ఏడ్చిన మనిషిని లేని పుస్తకం కోసం దుకాణాల చుట్టూ తిప్పుతాడా! లేచాను. లేచినట్టు కుర్చీ కింద పడిన చప్పుడు విన్నాకే తెలిసింది. “ఏ ముద్రణా లేదు టీచర్ గారూ. మీ పుస్తకంలో పేజీలన్నీ ఉన్నాయి. అతను వెళ్ళిపోవడమే నిజం. గుమ్మం దగ్గరికి రావడం నేను కల్పించింది, నేను ఈయనకి చెప్పింది.” మైకు లేకుండానే నా గొంతు హాలు ఎదురుగోడ దాకా వెళ్ళి కొట్టుకుని వచ్చింది. జనం తలలు తిప్పి చూశారు. అద్దంలో చూసుకున్న ఆ మొహం పెట్టుకోవాలని కూడా తోచలేదు. “నది దగ్గర వెనక్కి తిరగడం కూడా నేను చెప్పిందే. లైట్‌హౌస్ దీపం కూడా. ఈ పుస్తకాలన్నీ చదివింది నేను. చివర్లు అల్లింది నేను.” టీచరు నన్నే చూస్తోంది. చేతులు ఛాతీకి అదుముకుని, “మీరా?” అంది, “అతన్ని గుమ్మం దాకా తీసుకొచ్చింది మీరా?” కార్యదర్శి గారు మైకు అందుకోవాలో వద్దో తెలియక సగం లేచి ఉన్నారు. నేను మా ఆయన్నే చూస్తున్నాను. ఇప్పుడేదో ఒకటి అనాలి, సిగ్గుపడాలి, బుకాయించాలి, మా ఆవిడకి హాస్యం ఎక్కువండీ అని నవ్వేయాలి, ఏది చేసినా జవాబు నా దగ్గర ఉంది. ఆయన అవేమీ చెయ్యలేదు. హాలు మర్చిపోయాడు, మైకు మర్చిపోయాడు, నా వైపు మెడ చాచి, చేతుల నుంచి నీళ్ళు కారుతున్నట్టే అరచేతులు రెండూ ఎత్తి పట్టుకుని, కుళాయి కట్టేసినప్పటి గొంతుతో అడిగాడు, “అయితే ఆ లైట్‌హౌస్‌లో అసలేమైంది?”

మైకులో అది అందరికీ వినిపించింది. వెనకెవరో ఫక్కున నవ్వారు, ఇంకెవరో ఉష్ అన్నారు. నాకు నవ్వు రాలేదు. వరసలోంచి మోకాళ్ళు దాటుకుంటూ వచ్చి వేదిక ఎక్కాను. లైట్‌హౌస్ పుస్తకం ఇంట్లో ఆయన బల్ల మీదే ఉంది, గుడ్డముక్కతో సహా. నా సంచీలో ఉన్నది గోడ పుస్తకం. దాన్ని తీసి ఆయన ఎత్తి పట్టుకున్న చేతుల్లో పెట్టాను. పసుప్పచ్చ గుడ్డముక్క మొదటి పేజీలోనే ఉంది.

“చదువుకోండి” అన్నాను.